ఒక్క టార్క్ రెంచ్‌తో ఇంట్లో కారు పనంతా అవుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్‌లు, బ్రేక్ ప్యాడ్‌లు, చక్రాల మార్పిడి ఇంట్లోనే మొదలుపెట్టారు. ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా, అంటే టార్క్ రెంచ్, నిజంగా కావాలా, చెయ్యి అలవాటుపడితే చాలదా? కొంటే పెట్టిన అంకె చేరగానే టక్‌మనే క్లిక్ రకమా, డిజిటలా? ఒక్కటి సరిపోతుందా? అది చూపించే అంకె నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. కావాలి. రోజంతా అవే బోల్ట్‌లు అదే పానాతో బిగించేవాళ్ల చేతికి ఒక లెక్క కుదురుతుంది. రెండు మూడు నెలలకోసారి బానెట్ ఎత్తేవాళ్ల చేతికి అది నిలవదు. పైగా పానా పొడవు మారగానే అంచనా తప్పుతుంది. పొట్టి రాచెట్‌తో చాలా గట్టిగా అనిపించిన బిగువే పొడవాటి రాడ్‌తో తేలిగ్గా అనిపిస్తుంది. వీల్ నట్‌లే తీసుకోండి. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల వీల్ స్పానర్ చివర కాలు మోపి నిలబడితే నట్ మీద పడేది దాదాపు 206 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి, అంటే టార్క్‌కి కొలత ఇది). చాలా చిన్న కార్ల వీల్ నట్‌కి కావాల్సింది 85 నుంచి 110 మధ్య ఉంటుంది. అంటే ‘బాగా బిగించాను’ అనుకునే మనిషి రెట్టింపు బిగించి లేచాడన్నమాట. అలా పదేపదే చేస్తే స్టడ్ (నట్ ఎక్కే మర కడ్డీ) సాగిపోతుంది. నట్‌లు ఒక్కోటి ఒక్కో బిగువులో ఉంటే బ్రేక్ డిస్క్ ఒకవైపు లాగబడి, బ్రేక్ నొక్కినప్పుడు స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. డిస్క్‌లు వంకరపోయాయని కొత్తవి వేయించుకునేవాళ్లలో కొందరికి అసలు కారణం ఈ నట్‌ల బిగింపే.

రెంచ్ ఎంచుకోవడానికి ముందు అది కొలిచేదేమిటో తెలియాలి, ఎందుకంటే వాడేటప్పుడు చేసే తప్పులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. బోల్ట్ బిగించడమంటే దాన్ని కొద్దిగా సాగదీయడం. సాగిన బోల్ట్ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే రెండు భాగాలనూ అదిమి పట్టుకుంటుంది. మనకి కావాల్సింది ఆ పట్టు. టార్క్ రెంచ్ మాత్రం దాన్ని కొలవదు. తిప్పడానికి ఎంత బలం పట్టిందో అంతవరకే చెప్తుంది. ఆ బలంలో సుమారు సగం బోల్ట్ తల కింది రాపిడికి పోతుంది. ఇంకో 40 శాతం దాకా థ్రెడ్‌ల (మరల) మధ్య రాపిడి తినేస్తుంది. మిగిలిన 10 శాతమే బోల్ట్‌ని సాగదీస్తుంది. అందుకే రాపిడి కొంచెం మారినా పట్టు చాలా మారిపోతుంది. థ్రెడ్ తుప్పు పట్టి ఉంటే రెంచ్ సరైన అంకె దగ్గర క్లిక్ అంటుంది, పట్టు మాత్రం చాలదు. పొడిగా బిగించమన్న స్టడ్‌కి గ్రీజు రాస్తే అదే అంకె దగ్గర బోల్ట్ సాగాల్సినదానికన్నా ఎక్కువ సాగుతుంది. కాబట్టి వైర్ బ్రష్‌తో థ్రెడ్ శుభ్రం చేయడం, మాన్యువల్ నూనె రాయమన్న చోట రాయడం, చెప్పని చోట రాయకపోవడం ఎంత ఖరీదైన రెంచ్ కొన్నా తప్పవు.

ఇక ఏది కొనాలన్నది. చాలామంది క్లిక్కా డిజిటలా అన్న దగ్గర మొదలుపెడతారు. నా దృష్టిలో మొదట తేల్చుకోవాల్సింది రేంజ్, అంటే ఏ అంకె నుంచి ఏ అంకె దాకా కొలుస్తుందన్నది. ఒక కాగితం తీసుకుని, మీరు నిజంగా విప్పి బిగించే బోల్ట్‌లేవో, మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో వాటికి ఇచ్చిన అంకెలేవో రాసుకోండి. ఉదాహరణకి 14 మిల్లీమీటర్ల థ్రెడ్ ఉన్న స్పార్క్ ప్లగ్‌కి 20 నుంచి 30, 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు ఉండొచ్చు. పాత ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ ప్లగ్‌కి చాలా కార్లలో 25 నుంచి 45. బ్రేక్ క్యాలిపర్ (ప్యాడ్‌లని డిస్క్ మీద నొక్కే భాగం) స్లైడ్ పిన్ బోల్ట్‌లకి 25 నుంచి 35 దాకా. క్యాలిపర్ బ్రాకెట్ బోల్ట్‌లు వంద దరిదాపుల్లోకి వెళ్తాయి. ఇవి అందాజా కోసమే చెప్తున్నాను. బిగించేటప్పుడు మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకే వాడాలి. ఒకే మోడల్‌లో ఇంజన్ మారితే అంకె కూడా మారుతుంది.

ఈ జాబితా చూడగానే ఒక సంగతి కనిపిస్తుంది. చక్రాలూ బ్రాకెట్‌లూ పక్కన పెడితే మిగతావన్నీ 50 లోపే. కానీ మొదటి రెంచ్ అనగానే అందరూ కొనేది అరంగుళం డ్రైవ్ (సాకెట్ ఎక్కే చదరపు మొన సైజు), 40 నుంచి 200 దాకా రేంజ్ ఉన్న పెద్దది. అది చక్రాలకి బాగుంటుంది. అదే రెంచ్‌తో ప్లగ్ బిగించాలంటే స్కేల్‌లో ఆ అంకే ఉండదు. ఉన్నా అట్టడుగున ఉంటుంది, అక్కడ నమ్మకం తక్కువ. క్లిక్ రెంచ్‌లకి చెప్పే ఖచ్చితత్వం సాధారణంగా గరిష్ఠ అంకెలో 20 శాతం నుంచి పైకి మాత్రమే వర్తిస్తుంది. పైగా అడుగు అంకెల దగ్గర క్లిక్ చాలా మెల్లగా వస్తుంది, పొడవాటి పిడి పట్టుకున్న చేతికి అది తెలియనే తెలియదు. ఇంటి పనిలో ఎక్కువ నష్టం జరిగేది కూడా ఇలాంటి చిన్న బోల్ట్‌ల దగ్గరే. వీల్ నట్ కాస్త ఎక్కువ బిగిస్తే తర్వాత విప్పి సరిచేసుకోవచ్చు. అల్యూమినియం సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్ ప్లగ్ థ్రెడ్ పోతే ఇన్సర్ట్ (కొత్త మర ముక్క) వేయించాలి, లేదా సంప్ మార్చాలి. సిలిండర్ హెడ్‌లో ప్లగ్ థ్రెడ్ పోతే ఆ పని ఇంకా పెద్దది.

అందుకని మీ పనుల జాబితాకి నా సలహా: ఒక్కటే కొనగలిగితే 3/8 అంగుళం డ్రైవ్‌లో 20 నుంచి 110 దాకా ఉన్నది చూడండి. డ్రెయిన్ ప్లగ్, క్యాలిపర్ పిన్‌లు, పెద్ద ప్లగ్‌లు, చిన్న కారు వీల్ నట్‌లు దాదాపు అన్నీ అందులో పడతాయి. వంద దాకా లాగాలంటే దాని పొట్టి పిడితో కాస్త కష్టపడాలి, అంతే. మీ కారు పెద్దదై, వీల్ నట్‌కి 120 పైన అడిగితే ఇది చాలదు. అప్పుడు 3/8లో ఒకటి, అరంగుళంలో ఒకటి, రెండు కావాల్సిందే. 10 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉండే వాల్వ్ కవర్ బోల్ట్‌లూ, సెన్సర్‌ల స్క్రూలూ ముట్టుకునే రోజు వస్తే పావంగుళం డ్రైవ్‌లో 5 నుంచి 25 రేంజ్‌ది అప్పుడు కొనుక్కోండి. ముందే కొని పెట్టుకోనక్కర్లేదు. 300 దాకా వెళ్లే రెంచ్ ‘అన్నిటికీ పనికొస్తుంది’ అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంట్లో అంత కావాల్సింది ముందు చక్రాల యాక్సిల్ నట్ లాంటి ఒకటి రెండింటికే.

రకం విషయానికొస్తే, ఇంటికి క్లిక్ రకం సరిపోతుంది. దాని గొట్టంలో ఒక స్ప్రింగ్ ఉంటుంది. పిడి తిప్పి అంకె పెట్టినప్పుడు మీరు చేసేది ఆ స్ప్రింగ్‌ని అదమడం. లాగేటప్పుడు అంకె దాటగానే లోపలున్న చిన్న దిమ్మ ఒరిగి, తల కొన్ని డిగ్రీలు ఊరికే కదులుతుంది. అదే మనకి వినిపించే టక్‌మన్న చప్పుడు. బోల్ట్‌కి అది రక్షణ కాదు. చప్పుడు తర్వాత కూడా లాగుతూ పోతే రెంచ్ మామూలు రాడ్ లాగే బిగించేస్తుంది. చప్పుడు వినగానే చెయ్యి ఆగాలి.

బీమ్ రకాన్ని పాతదని తీసిపారేయకండి. ఒక కడ్డీ వంగుతుంది, పక్కనున్న సూది స్కేల్ మీద అంకె చూపిస్తుంది. సెట్ చేసే పని లేదు, స్ప్రింగ్ లేదు, ఎడమవైపు థ్రెడ్‌కి కూడా పనిచేస్తుంది. చాలా క్లిక్ రెంచ్‌లు ఒకవైపే కొలుస్తాయి, ఇది గుర్తుంచుకోండి. బీమ్‌తో చిక్కల్లా స్కేల్‌ని నేరుగా పైనుంచి చూడాలి, ఇంజన్ సందుల్లో అది కుదరదు. డిజిటల్‌ది తక్కువ టార్క్ దగ్గర సుఖంగా ఉంటుంది, బీప్ వస్తుంది, కొన్నింట్లో కోణం కూడా కొలవొచ్చు. బ్యాటరీ చూసుకోవాలి, కింద పడకుండా కాపాడుకోవాలి. మీరు ఇంజన్ లోపలికి వెళ్లనంతకాలం దానికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు.

కొనేటప్పుడు పెట్టెలో ఐఎస్‌ఓ 6789 ప్రకారం పరీక్షించిన సర్టిఫికెట్, దాని మీద రెంచ్ సీరియల్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. ఆ ప్రమాణం ప్రకారం గరిష్ఠ అంకె 10 న్యూటన్ మీటర్లు దాటిన మామూలు క్లిక్ రెంచ్ ప్లస్ లేదా మైనస్ 4 శాతంలో ఉండాలి, గరిష్ఠ అంకె 10 గానీ అంతకు తక్కువ గానీ అయితే 6 శాతంలో. అంటే 90 పెడితే నిజంగా పడేది 86.4 నుంచి 93.6 మధ్య. ఇంటి పనికి ఇది చాలు. 2 శాతం, 1 శాతం అని రాసినవాటి వెనక పడకండి, థ్రెడ్ మీది మురికి అంతకన్నా ఎక్కువ తేడా తెస్తుంది. అంకెలు స్పష్టంగా చెక్కి ఉన్నాయా, పిడికి లాక్ ఉందా, లాక్ వేశాక అంకె జరగకుండా ఉంటుందా అన్నవి చేత్తో చూసుకోవడం మేలు.

స్కేల్ చదవడంలో ఒక జాగ్రత్త. చాలా రెంచ్‌ల మీద ఒకవైపు న్యూటన్ మీటర్లు, ఇంకోవైపు ఫుట్ పౌండ్లు ఉంటాయి. ఒక ఫుట్ పౌండ్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు. 110 న్యూటన్ మీటర్లు పెట్టాల్సింది పొరపాటున ఫుట్ పౌండ్ల వైపు పెడితే 149 పడుతుంది. చిన్న రెంచ్‌లకి అంగుళం పౌండ్లు ఉంటాయి, అక్కడ తేడా ఏకంగా 12 రెట్లు. కొన్ని మాన్యువల్‌లలో కిలోగ్రామ్ మీటర్లు కనిపిస్తాయి, దాన్ని 9.81తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి.

ఇప్పుడు వాడకం. చక్రాల పనే వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ చేసేది, ప్రాణం మీదికి వచ్చేది అదే.

విప్పడానికి టార్క్ రెంచ్ వాడకండి. బిగుసుకున్న నట్‌కి రేంజ్ దాటిన బలం పడొచ్చు, లోపలి భాగాలు దెబ్బతింటాయి. దానికి బ్రేకర్ బార్ (పొడవాటి గట్టి రాడ్) వేరే ఉంచుకోండి. చక్రం తీశాక హబ్ (చక్రం ఆనే భాగం) ముఖం, చక్రం లోపలి ముఖం తుప్పూ మట్టీ లేకుండా తుడవండి. మధ్యలో తుప్పు పొర ఉంటే ఇప్పుడు క్లిక్ వస్తుంది, బండి కాస్త నడిచాక ఆ పొర నలిగి నట్ వదులవుతుంది. నట్‌లన్నీ మొదట చేత్తో తిప్పాలి. మూడు నాలుగు చుట్లు వేళ్లతో తిరగకపోతే థ్రెడ్ అడ్డంగా పడిందని అర్థం, బలం పెట్టకుండా వెనక్కి తీయండి. నట్ కూర్చునే చోటు శంఖు ఆకారమా, గుండ్రమా అన్నది కూడా చక్రానికి తగ్గట్టు ఉండాలి. ఇనుప చక్రం నట్‌లు అల్లాయ్‌కి అన్నిసార్లూ సరిపోవు.

జాక్ మీద ఉండగానే చిన్న రాచెట్‌తో ఎదురెదురుగా, నక్షత్రం గీసే వరుసలో నట్‌లన్నీ ఆనేలా తిప్పండి. టైర్ నేలకి ఆని చక్రం తిరగకుండా ఉండేంత వరకు కారు దించి, అదే వరుసలో ఒకసారి సగం అంకెకి, రెండోసారి పూర్తి అంకెకి బిగించండి. పిడి మధ్యలో, గుర్తు ఉన్న చోట పట్టుకుని మెల్లగా, ఒకే వేగంతో మీ వైపుకి లాగండి. విసురుగా లాగితే చప్పుడు వచ్చేలోపే అంకె దాటిపోతుంది. ఒక్క క్లిక్ చాలు. నమ్మకం కోసం రెండు మూడు సార్లు టకటక లాగే అలవాటు చాలామందికి ఉంది, ప్రతిసారీ బిగువు కొంచెం పెరుగుతుంది. అన్నీ అయ్యాక ఒక్క చుట్టు సరిచూసుకోవడం వరకు పర్వాలేదు. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి. అల్లాయ్ చక్రాలకి ఇది మరీ ముఖ్యం. స్టెప్నీ వేసుకుని ఇంటికొచ్చినా అంతే.

టైర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించాక టార్క్ రెంచ్ పెట్టి ‘క్లిక్ వచ్చింది, సరిగ్గా ఉంది’ అనుకోవడం పెద్ద భ్రమ. నట్ కదలకుండా క్లిక్ వస్తే అది కనీసం ఆ అంకె దాకా బిగిసి ఉందని మాత్రమే తెలుస్తుంది. 110 కావాల్సిన చోట 250 ఉన్నా అదే చప్పుడు వస్తుంది. తెలుసుకోవాలంటే ఒక్కో నట్ వదులు చేసి మళ్లీ బిగించాల్సిందే. గన్ వాడేవాళ్లని నట్ ఆనగానే ఆపమని అడిగి, మిగతాది రెంచ్‌తో మీరే చేసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

చిన్న పనులు తొందరగా చెప్తాను. డ్రెయిన్ ప్లగ్‌కి వాషర్ కొత్తది వేయండి. లీక్ అవుతోందని అంకె పెంచకండి, లీక్‌కి కారణం చాలాసార్లు పాత వాషరే. ఆయిల్ ఫిల్టర్ తిప్పే రకమైతే రబ్బర్‌కి నూనె రాసి, అది ఆనాక చేత్తో ముప్పావు చుట్టు చాలు, అయినా ఫిల్టర్ మీద రాసింది చదవండి. స్పార్క్ ప్లగ్‌లు ఇంజన్ చల్లారాకే తీయాలి, వేసేటప్పుడు ఎక్స్‌టెన్షన్‌ని వేళ్లతోనే తిప్పుతూ చివరిదాకా దించాలి. రెంచ్ లోపలికి పట్టకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ని వేళ్లతో ఆనాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. వాషర్ లేని శంఖు రకానికి పదహారో వంతు చుట్టు మాత్రమే. ప్లగ్ థ్రెడ్‌కి యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే లేపనం) పూసే అలవాటుంటే ప్లగ్ తయారీదారు ఏం చెప్పారో చూడండి. ఎన్‌జీకే వాళ్లైతే తమ ప్లగ్‌లకి ముందే పూత ఉందని, అది వద్దని చెప్తారు.

సస్పెన్షన్‌లో రబ్బర్ బుష్ ఉన్న బోల్ట్‌లని కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. కారు బరువు చక్రాల మీద పడ్డాక చివరి టార్క్ పెట్టాలి. లేకపోతే రబ్బర్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.

మాన్యువల్‌లో ‘ఇన్ని న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు’ అని కనిపిస్తే అక్కడ రాపిడిని నమ్మలేక కోణంతో కొలుస్తున్నారని అర్థం. అలాంటి బోల్ట్‌లలో చాలావాటిని సాగే హద్దు దాకా లాగుతారు, వాటిని ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. కొందరు ఆ కోణాన్ని వదిలేసి టార్క్‌ని అంచనాగా పెంచుతారు. దయచేసి అలా చేయకండి. డ్రైవ్ మీద కూర్చునే కోణమాపకం చిన్న పరికరమే, అది కొనుక్కోండి.

నిలువు ఎక్స్‌టెన్షన్ పెడితే అంకె మారదు, పొడవు మరీ ఎక్కువై మెలి తిరిగితే తప్ప. కానీ తల పక్కకి పొడిగించే కాకిపాదం లాంటి పానా పెడితే మారుతుంది. రెంచ్ పొడవు 400 మిల్లీమీటర్లు, ఆ ముక్క నేరుగా ముందుకి 50 మిల్లీమీటర్లు పెంచితే, 90 కావాల్సిన చోట 90ని 400తో గుణించి 450తో భాగించాలి. అంటే 80 పెట్టాలి. అదే ముక్కని రెంచ్‌కి అడ్డంగా, 90 డిగ్రీల్లో తిప్పి పెడితే లెక్క దాదాపు అక్కర్లేదు.

అంకె నిజమేనా అన్న మీ చివరి ప్రశ్న. ఇంట్లో ఒక స్థూలమైన పరీక్ష చేయొచ్చు. రెంచ్ చదరపు మొనని బెంచ్ వైస్‌లో పట్టించి, కొలిచే వైపుకి ఒరిగేలా, పిడి నేలకి సమాంతరంగా ఉంచండి. మొన మధ్య నుంచి పిడి గుర్తు దాకా ఎంతో టేప్‌తో కొలిచి, అక్కడ బరువు వేలాడదీయండి. 40 సెంటీమీటర్ల దగ్గర 20 కిలోలు కడితే 78.5 న్యూటన్ మీటర్లు. ఒక లీటర్ నీళ్లు ఒక కిలో కాబట్టి బకెట్‌తో ఈ పని అవుతుంది, బకెట్ బరువు కూడా కలపాలి. రెంచ్ సొంత బరువు వల్ల కూడా రెండు మూడు న్యూటన్ మీటర్లు పడొచ్చు, దాన్నీ లెక్కలో ఉంచుకోండి. అంకె కొంచెం పైన పెట్టి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ బరువుని చేత్తో ఎత్తి మెల్లగా వదలండి. ఎక్కడ క్లిక్ వస్తుందో చూడండి. లెక్కకి దగ్గరగా వస్తే రెంచ్ బాగున్నట్టే. 10 శాతం పైన తేడా కనిపిస్తే కాలిబ్రేషన్‌కి (కొలత సరిచేయించడానికి) పంపాలి. వర్క్‌షాప్‌లకి చెప్పే గడువు 12 నెలలు లేదా 5000 సార్లు వాడకం, ఏది ముందైతే అది. ఇంట్లో అన్నిసార్లు వాడరు కాబట్టి ఏడాదికోసారి ఈ బకెట్ పరీక్ష చేసుకుంటే చాలు. గట్టి నేల మీద పడితే మాత్రం వెంటనే చూడాలి.

పని అయ్యాక క్లిక్ రెంచ్‌ని స్కేల్‌లో ఉన్న అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టెలో పెట్టండి. అంతకన్నా కిందికి విప్పకండి, లోపలి భాగాలు సర్దుకున్న చోటు నుంచి జరుగుతాయి. నెలల తర్వాత మళ్లీ తీసినప్పుడు మధ్య అంకెకి పెట్టి, ఏదైనా గట్టి బోల్ట్ మీద కాకుండా వైస్‌లో మొన పట్టించి, ఐదారు సార్లు క్లిక్ చేయండి. లోపలి గ్రీజు మళ్లీ పరుచుకుంటుంది, అప్పుడు మొదటి నట్ కూడా చివరి నట్‌తో సమానంగా బిగుస్తుంది.